గుండె లయ తప్పడంలో ఎన్ని రకాలు, ఏది ప్రమాదం

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, నిదానంగా ఊపిరి పీల్చి వదలండి. పీల్చినప్పుడు నాడి కాస్త వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. పిల్లల్లోనూ యువకుల్లోనూ ఈ తేడా చేతికి బాగా తెలుస్తుంది, వయసు పైబడే కొద్దీ తగ్గిపోతుంది. అంటే గుండె అచ్చంగా ఒకే తీరున కొట్టుకోకపోవడం ఆరోగ్యంలో ఒక భాగం. ఈసీజీ యంత్రం మాత్రం దీన్ని కూడా ‘సైనస్ అరిథ్మియా’ అని అచ్చువేసి ఇస్తుంది. అరిథ్మియా అంటే లయ తప్పడం. ఆ మాట కంట పడగానే రాత్రంతా ఫోనులో వెతికి, తెల్లవారకముందే గుండె డాక్టరు దగ్గరికి బయలుదేరేవాళ్లు ఎందరో.

దీనికి పూర్తిగా అవతలి వైపు ఇంకొందరు ఉంటారు. వాళ్ల గుండె పై గదులు, అంటే కర్ణికలు, నెలల తరబడి అస్తవ్యస్తంగా వణుకుతూ ఉంటాయి. వాళ్లకు దడ ఉండదు, నొప్పి ఉండదు. ఒకరోజు పొద్దున్నే మూతి వంకరపోయి, చేయి పడిపోతుంది. పక్షవాతమని ఆసుపత్రిలో చేర్చి ఈసీజీ తీస్తే అప్పుడు బయటపడుతుంది, లయ ఎప్పటి నుంచో తప్పి ఉందని.

గుండె లయల గురించి చదివేవాళ్లు ముందుగా గట్టిగా పట్టుకోవలసిన విషయం ఇదే: ఛాతీలో పుట్టే అలజడికీ అసలు ప్రమాదానికీ లెక్క కుదరదు. ఎంత భయం వేసిందన్న దాన్ని బట్టి జబ్బును కొలవలేము. దాన్ని కొలిచేవి వేరే మూడు ప్రశ్నలు. తప్పు లయ పై గదుల్లో పుడుతోందా, కింది గదుల్లోనా? వేగంగా ఉందా, నెమ్మదిగానా? దాన్ని మోస్తున్న గుండె కండరం ఆరోగ్యంగా ఉందా, దెబ్బతిని ఉందా? ఈ మూడింటిలో చివరిదే అన్నిటికంటే బరువైనది. విచిత్రంగా, జనం అడగనిది కూడా అదే.

సంకేతం నడిచే దారి

గుండెలో పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. రక్తాన్ని ఊపిరితిత్తులకూ ఒంటికీ తోసే అసలు బరువు జఠరికలదే. కుడి కర్ణిక పైభాగంలో, ఊర్ధ్వ బృహత్సిర వచ్చి కలిసే చోట, ఎస్‌ఏ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంది. ఎవరి ఆజ్ఞా లేకుండా తనంతట తానే విద్యుత్ సంకేతాన్ని పుట్టించడం దాని పని. ఆ సంకేతం కర్ణికలంతా పాకి, కర్ణికలకూ జఠరికలకూ మధ్య ఉండే ఏవీ నోడ్ దగ్గర సెకనులో పదో వంతు సేపు నిదానించి, అక్కడి నుంచి హిస్ కట్ట మీదుగా, దాని కుడి ఎడమ శాఖల మీదుగా, పర్కింజి తంతువుల్లోకి దిగి జఠరికల కండరమంతటినీ దాదాపు ఒకేసారి అందుకుంటుంది. మధ్యలో ఆ నిదానం లేకపోతే కర్ణికలు తమ రక్తాన్ని కిందికి దింపకముందే జఠరికలు ముడుచుకునేవి.

ఈ దారిని శాస్త్రవేత్తలు కింది నుంచి పైకి, ముక్కలు ముక్కలుగా కనుక్కున్నారు. పర్కింజి తంతువుల సంగతి 19వ శతాబ్ది మొదటి సగంలోనే తెలిసింది. హిస్ తన పేరు మీద ఉన్న కట్టను 1893లో వర్ణించాడు. జపాను నుంచి జర్మనీలోని మార్బర్గ్‌కు వెళ్లి పనిచేసిన సునావో తవారా 1906లో ఏవీ నోడ్‌ను చూపించాడు. అన్నిటికీ మూలమైన ఎస్‌ఏ నోడ్ చివరికి 1907లో ఇంగ్లండులో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ చేతికి చిక్కింది. దాదాపు అదే కాలంలో నెదర్లాండ్స్‌లో ఐంథోవెన్ తయారుచేసిన గాల్వనోమీటరుతో ఈసీజీ వచ్చింది. దానికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి దక్కింది.

ఈ దారిలో రెండు విషయాలు గుర్తుంటే మిగిలిన వ్యాసమంతా సులువుగా నడుస్తుంది. ఒకటి, పైనుంచి సంకేతం రాకపోతే కింది కణాలు ఊరుకోవు, తామే పుట్టిస్తాయి, కాకపోతే నెమ్మదిగా. ఏవీ నోడ్ పరిసరాలు నిమిషానికి 40 నుంచి 60, జఠరికలు 20 నుంచి 40. రెండు, పైనుంచి సంకేతాలు వెల్లువలా వచ్చిపడితే ఏవీ నోడ్ అన్నిటినీ కిందికి వదలదు. కర్ణికలు ఎంత గోల చేసినా జఠరికలు బతికి బట్టకట్టేది ఈ ఒక్క కాపలా వల్లే. అందుకే పై గదుల్లో పుట్టే లయలు సాధారణంగా బాధిస్తాయి కానీ అక్కడికక్కడే చంపవు. కింది గదుల్లో పుట్టే వాటికి ఆ కాపలా లేదు.

ముందే పడే దెబ్బ

“గుండె ఒక్క క్షణం ఆగి, దబ్బున కొట్టుకుంది.” లయ గురించి డాక్టర్లు వినే ఫిర్యాదుల్లో ఇది చాలా మామూలు. జరిగేది ఏమిటంటే, కర్ణికలోనో జఠరికలోనో ఏదో ఒక చోట కణాలు వేళకు ముందే ఒక సంకేతాన్ని వదులుతాయి. భజనలో ఒకరు తాళం ముందే కొట్టేసి, తరవాతి దెబ్బకు వెనక్కి తగ్గినట్టు, ఆ ముందస్తు స్పందన తరవాత గుండె కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఆ విరామంలో జఠరికలో రక్తం మామూలు కంటే ఎక్కువ నిండుతుంది. కాబట్టి తరవాతి స్పందన బలంగా పడుతుంది. మనకు తెలిసేది ఆ బలమైన దెబ్బే, అసలు తప్పు దానికి ముందే జరిగిపోయింది.

వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. ఈసీజీని ఆపకుండా రికార్డు చేసే హోల్టర్ యంత్రాన్ని 24 గంటల పాటు కట్టి చూస్తే ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా చాలామందికి ఒకటో రెండో కనిపిస్తాయి. నిద్ర చాలకపోవడం, కాఫీ, టీ, మద్యం, సిగరెట్టు, జ్వరం, ఆందోళన వీటిని పెంచుతాయి. రాత్రి ఎడమ పక్కకు తిరిగి పడుకున్నప్పుడు ఎక్కువ తెలియడానికి కారణం గుండె ఆ వైపు ఛాతీ గోడకు దగ్గరగా రావడమే. ఎకో పరీక్షలో, అంటే గుండె స్కానింగులో, గుండె బాగుంటే, వంశంలో చిన్న వయసు హఠాన్మరణాలు లేకపోతే, వీటికి మందు అక్కరలేదు. రోజు మొత్తం స్పందనల్లో పదింట ఒకటి కంటే ఎక్కువగా జఠరికల నుంచి ఇలా పుడుతూ ఉంటే మాత్రం కాలక్రమంలో కండరం నీరసించే అవకాశం ఉంది. అలాంటి వాళ్లను ఏటేటా ఎకోతో చూస్తూ ఉంటారు.

ఈ చిన్న విషయంలోనే వైద్యులు ఒకప్పుడు ఘోరంగా దెబ్బతిన్నారు. 1980లలో వాళ్ల తర్కం ఇలా నడిచింది: గుండెపోటు వచ్చినవాళ్లలో జఠరికల ఎక్టోపిక్‌లు ఎక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువగా చనిపోతున్నారు, కాబట్టి ఎక్టోపిక్‌లను అణిచేస్తే మరణాలు తగ్గాలి. ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ అనే మందులు వాటిని చక్కగా అణిచేవి. ఈసీజీ కాగితం ముచ్చటగా కనిపించేది. ‘కాస్ట్’ అనే పేరుతో అమెరికాలో జరిగిన ప్రయోగంలో ఈ మందులు వేసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో చనిపోయింది 26 మందే. ప్రయోగంలో ఈ భాగాన్ని 1989లో అర్ధంతరంగా ఆపేశారు. లయ మందులు లయను దిద్దగలవు, చెడగొట్టగలవు కూడా. దెబ్బతిన్న గుండెలో రెండోదే ఎక్కువ జరిగింది. అందుకే “ఈ ఎక్టోపిక్‌లకు మందు ఇవ్వరా?” అని పట్టుబట్టే రోగికి “వద్దు” అని చెప్పే డాక్టరు నిర్లక్ష్యంగా ఉన్నాడనుకోకూడదు.

ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగేది

ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి కింద పడ్డ చెంచా తీయడానికి వంగింది. లేచేసరికి గుండె నిమిషానికి 180. మెడలో ఏదో టపటపా కొట్టుకుంటున్నట్టు ఉంది, చేతులు వణుకుతున్నాయి. అరగంట తరవాత ఎలా మొదలైందో అలాగే టక్కున ఆగిపోయింది. ఆ వెంటనే పదే పదే మూత్రానికి వెళ్లాల్సి వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి ఈసీజీ శుభ్రంగా ఉంది. “టెన్షన్ పడుతున్నట్టున్నావు” అని నిద్రమాత్ర రాసి పంపారు. ఇది కల్పించిన ఉదాహరణే అయినా, ఎస్‌వీటీ (సుప్రావెంట్రిక్యులర్ టాకికార్డియా, అంటే జఠరికలకు పైన పుట్టే వేగపు లయ) ఉన్న ఆడవాళ్లలో చాలామంది తమ కథే అంటారు. ఏళ్ల తరబడి ఆందోళన జబ్బుగా చలామణి అయ్యే లయ ఇది.

ఆందోళన వల్ల వచ్చే దడ మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. ఎస్‌వీటీ స్విచ్చి వేసినట్టు మొదలవుతుంది, తీసినట్టు ఆగుతుంది. మెడలో కొట్టుకోవడానికీ, తరవాత వచ్చే మూత్రానికీ కూడా కారణం ఉంది. కర్ణికలూ జఠరికలూ ఒకేసారి ముడుచుకోవడంతో రక్తం మెడ సిరల్లోకి వెనక్కి తన్నుతుంది. కర్ణికలు సాగి, మూత్రం పోయించే హార్మోనును వదులుతాయి. ఈ రెండు ఆనవాళ్లూ డాక్టరుకు చెబితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్టే.

ఇందులో చాలా భాగం ఏవీ నోడ్ దగ్గర పుట్టుకతోనే రెండు దారులు ఉండడం వల్ల వస్తుంది, ఒకటి వేగంగా నడిచేది, రెండోది నెమ్మదిగా నడిచేది. వేళకు ముందు పుట్టిన ఒక సంకేతం ఒక దారిలో దిగి, రెండో దారిలో పైకి ఎక్కి, మళ్లీ మొదటి దారిలో దిగి, అలా తిరుగుతూనే ఉంటుంది. ఒక చుట్టుకు ఒక స్పందన. ఏవీ నోడ్‌లో ఆ చుట్టును ఒక్క క్షణం తెంపగలిగితే చాలు, మొత్తం ఆగిపోతుంది. ముక్కు మూసుకుని ముక్కడం, ముఖాన చల్లటి నీళ్లు కొట్టడం లాంటి పాత చిట్కాలు గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడిని రేపి చేసేది ఇదే. 2015లో బ్రిటన్‌లో జరిగిన ‘రివర్ట్’ అధ్యయనం ఇందులో ఒక చిన్న మార్పు చేసింది. రోగిని సగం కూర్చున్న భంగిమలో ఉంచి, పది మిల్లీలీటర్ల సిరంజిని లోపలి కడ్డీ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదించారు. వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లను 15 సెకన్లు ఎత్తి పట్టుకున్నారు. మామూలు పద్ధతిలో 17 శాతం మందికి లయ సరిపడితే ఈ పద్ధతిలో 43 శాతం మందికి సరిపడింది. మందు లేదు, ఖర్చు లేదు. అయితే జబ్బు ఇదేనని ముందే తేలినవాళ్లు, డాక్టరు నేర్పిస్తే చేసుకోవలసింది ఇది. పెద్ద వయసువాళ్లకు మెడ నొక్కడం లాంటివి ఇంట్లో చేయకూడదు, మెడ ధమనిలో కొవ్వు పేరుకుని ఉంటే పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది.

దానికీ ఆగకపోతే ఆసుపత్రిలో ఎడినోసిన్ అనే మందు ఇస్తారు. రక్తంలో దాని ఆయుష్షు కొన్ని సెకన్లే. ఆ సెకన్లలో ఛాతీ బిగుసుకుని, ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. ముందే చెప్పి ఇచ్చే డాక్టరు దొరకడం అదృష్టం. మళ్లీ మళ్లీ వస్తుంటే గజ్జల్లోని సిర గుండా తీగ పంపి అదనపు దారిని వేడితో కాల్చేస్తారు. దీన్ని అబ్లేషన్ అంటారు. ఈ రకం ఎస్‌వీటీలో నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమవుతుంది. నూటికి ఒకరి లోపు మందిలో ఏవీ నోడ్ దెబ్బతిని, గుండెకు బయటి నుంచి సంకేతాలు ఇచ్చే పేస్‌మేకర్ అనే పరికరం అవసరం పడవచ్చు. ఆ మాట కూడా ముందే తెలియాలి.

ఇదే కుటుంబంలో ఒక్కటి వేరుగా చూడాలి. కొందరికి ఏవీ నోడ్‌ను తప్పించుకుని కర్ణిక నుంచి జఠరికకు నేరుగా పోయే కండర పోగు పుట్టుకతో ఉంటుంది. 1930లో వర్ణించిన ముగ్గురి పేర్లతో దీన్ని ఉల్ఫ్–పార్కిన్సన్–వైట్ అంటారు. కాపలా లేని దారి అన్నమాట. ఇలాంటి వాళ్లకు ఎప్పుడైనా కర్ణికలు వణకడం మొదలైతే ఆ వెల్లువ నేరుగా జఠరికలను తాకుతుంది. అప్పుడు ఏవీ నోడ్‌ను నెమ్మదింపజేసే వెరాపమిల్ లాంటి మందు ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది.

కర్ణికల వణుకు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఏఎఫ్. చికిత్స అవసరమయ్యే లయ జబ్బుల్లో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది ఇదే. కర్ణికలు నిమిషానికి 350 నుంచి 600 సార్లు వణుకుతాయి. ముడుచుకోవడం అనేదే ఉండదు. ఏవీ నోడ్ తనకు చేతనైనన్ని సంకేతాలను ఇష్టం వచ్చిన వ్యవధుల్లో కిందికి వదులుతుంది. నాడి పట్టి చూస్తే ఏ రెండు దెబ్బల మధ్యా దూరం ఒకేలా ఉండదు, బలమూ ఒకేలా ఉండదు. ఎక్టోపిక్‌లో లయ ఉండి మధ్యలో తప్పుతుంది, ఇక్కడ లయే ఉండదు. కాస్త అలవాటైతే ఇంట్లోవాళ్లు కూడా ఈ తేడాను వేళ్లతో పట్టగలరు. దీనికి దగ్గరి చుట్టం ఏట్రియల్ ఫ్లట్టర్. అందులో కర్ణికలు 300 దగ్గర క్రమంగా తిరుగుతూ, రెండు సంకేతాలకు ఒకటి చొప్పున కిందికి దిగుతుంది. నాడి కదలకుండా 150 దగ్గర నిలిచిపోయి ఉంటే డాక్టరు మొదట అనుమానించేది దాన్నే.

బీపీ, వయసు, మధుమేహం, స్థూలకాయం, గురకతో నిద్రలో ఊపిరి ఆగడం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, మద్యం, ఇవన్నీ ఏఎఫ్‌కు దారితీస్తాయి. మన దేశంలో వీటికి తోడు ఇంకొకటి ఉంది. చిన్నతనంలో గొంతు నొప్పితో వచ్చిన రుమాటిక్ జ్వరం ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్య ఉండే మైట్రల్ కవాటాన్ని కుదించేస్తుంది. వెనక ఒత్తిడికి ఎడమ కర్ణిక ఉబ్బిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో ఏఎఫ్ ఎక్కువగా ముసలివాళ్ల జబ్బు. మన దగ్గర ముప్ఫై, నలభై ఏళ్ల ఆడవాళ్లలో, కొన్నిసార్లు గర్భంతో ఉన్నప్పుడు, ఆయాసంతో మొదటిసారి బయటపడేది ఇలాంటి కవాటం జబ్బే.

ఏఎఫ్‌లో ప్రాణభయం దడలో లేదు, గడ్డలో ఉంది. ముడుచుకోని కర్ణికలో రక్తం నిలవ ఉండి గడ్డకడుతుంది. ఎడమ కర్ణికకు పక్కన చెవి ఆకారంలో ఉండే చిన్న సంచి అందుకు అనువైన చోటు. ఆ గడ్డ కదిలి మెదడుకు చేరితే పక్షవాతం. ఏఎఫ్ ఉన్నవాళ్లలో ఈ ముప్పు దాదాపు అయిదు రెట్లని అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాల పాటు సాగిన పరిశీలన తేల్చింది. దడ ఉందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. రోజంతా దడతో బాధపడేవారికీ, ఏమీ తెలియనివారికీ గడ్డ ఒకేలా కడుతుంది.

కాబట్టి మొదటి నిర్ణయం రక్తం పలుచబరిచే మందు గురించి. వయసు, బీపీ, షుగరు, గుండె వైఫల్యం, గతంలో పక్షవాతం వగైరాలకు మార్కులు వేసి డాక్టర్లు లెక్కకడతారు. అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగట్రాన్ లాంటి కొత్త మందులు వచ్చాక మాటిమాటికీ రక్తపరీక్షల బాధ తప్పింది. అయితే మైట్రల్ కవాటం బాగా కుదించుకుపోయినవాళ్లకూ, లోహపు కవాటం అమర్చినవాళ్లకూ పాతవే దిక్కు, అంటే వార్ఫరిన్ లేదా మన దగ్గర ఎక్కువగా వాడే ఎసినోకౌమరాల్. రుమాటిక్ రోగుల మీదే జరిపిన ‘ఇన్విక్టస్’ ప్రయోగంలో కొత్త మందైన రివరాక్సబాన్ కంటే పాత మందు వేసుకున్నవాళ్లే తక్కువగా చనిపోయారని 2022లో తేలింది. ఖరీదైనదే మంచిదని అనుకునేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పాత మందు వాడేవాళ్లకు, రక్తం ఎంత పలుచబడిందో చూపే ఐఎన్‌ఆర్ అనే పరీక్ష తప్పనిసరి, ఏఎఫ్‌లో మామూలుగా అది 2కూ 3కూ మధ్య ఉండాలి. “ఆకుకూరలు మానేయండి” అన్న సలహా ఊరంతా తిరుగుతూ ఉంటుంది. అది సగం నిజం. పాలకూర, తోటకూర లాంటి వాటిలో ఉండే విటమిన్ కే ఈ మందుకు విరుగుడు. మానేయడం కాదు, వారం వారం ఒకే మోతాదులో తినడం ముఖ్యం. నెలంతా ముట్టకుండా ఉండి, పండక్కి అమ్మగారింట్లో మూడు పూటలా పప్పుకూర తిన్నా ఐఎన్‌ఆర్ కిందికి జారిపోతుంది. నొప్పి మాత్రలు, కొన్ని యాంటీబయాటిక్‌లు, పేరు తెలియని పొడులు ఇంకా పెద్ద ముప్పు. “పలుచబడే మందు ఎందుకులే, ఆస్పిరిన్ వేసుకుంటా” అనేవాళ్లు తమను తాము మోసం చేసుకుంటున్నట్టే. ఏఎఫ్ గడ్డను ఆపడంలో ఆస్పిరిన్ అక్కరకు రాదు, రక్తస్రావం మాత్రం తెచ్చిపెట్టగలదు.

ఇక లయను సరిచేయాలా, వేగాన్ని తగ్గించి ఊరుకోవాలా అన్నది డాక్టర్ల మధ్య పాత వాదం. రెండింటిలో మరణాల తేడా లేదని 2002లో ‘అఫర్మ్’ ప్రయోగం తేల్చింది. జబ్బు మొదలైన ఏడాదిలోపే లయను సరిచేస్తే గుండె, మెదడు సమస్యలు తగ్గుతాయని 2020లో వచ్చిన మరో ప్రయోగం చెప్పింది. దాంతో గాలి మళ్లింది. అబ్లేషన్‌కు దారి చూపింది ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసాగెర్ బృందం 1998లో చేసిన పరిశీలన. 45 మంది రోగుల్లో ఏఎఫ్‌ను రేపే నిప్పురవ్వలు పదింట తొమ్మిదికి పైగా ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరల నోళ్లలోనే పుడుతున్నాయని వాళ్లు చూపించారు. అందుకే ఇప్పుడు ఆ నోళ్ల చుట్టూ కాల్చి, లోపల పుట్టే సంకేతం కర్ణికలోకి రాకుండా కట్టేస్తున్నారు. అయినా కొందరిలో తిరగబెడుతుంది. అబ్లేషన్ అయింది కదా అని రక్తం పలుచబడే మందును సొంతంగా ఆపేయడమే అసలు తప్పు.

నెమ్మదించే గుండె

నిమిషానికి 60 లోపు ఉంటే నెమ్మది అంటారు కానీ, పరుగు అలవాటున్న యువకుడికి నిద్రలో 40 ఉన్నా అది జబ్బు కాదు. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు మెలకువలో 35 ఉండి, మెట్లెక్కితే కూడా పెరగక, కళ్లు బైర్లు కమ్ముతుంటే అది జబ్బు. ఎస్‌ఏ నోడ్ అలసిపోవడం ఒక కారణం, మధ్య దారిలో సంకేతం ఆగిపోవడం రెండోది. ఈ రెండోదాన్నే హార్ట్ బ్లాక్ అంటారు. ఇక్కడ ఒక గందరగోళం ఉంది: రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడాన్ని కూడా జనం ‘బ్లాకులు’ అనే అంటారు. స్టెంటు వేసేది ఆ బ్లాకుకు, పేస్‌మేకర్ పెట్టేది ఈ బ్లాకుకు.

మొదటి దశలో సంకేతం ఆలస్యంగానైనా చేరుతుంది, సాధారణంగా చికిత్స అక్కరలేదు. రెండో దశలో కొన్ని చేరవు. మూడో దశలో ఒక్కటీ చేరదు. జఠరికలు తమ సొంత 30 మీద లాక్కొస్తాయి, ఆ సొంత లయ కూడా కొన్ని సెకన్లు ఆగితే మనిషి నిలబడ్డ చోటే కూలిపోతాడు. కొందరికి చేతులు కాళ్లు కొట్టుకుంటాయి, దాన్ని మూర్ఛ అనుకుని ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు మింగినవాళ్లు ఉన్నారు.

అందరూ పేస్‌మేకరే అనుకోకముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. బీపీకీ దడకూ ఇచ్చే బీటా బ్లాకర్లు, కొన్ని కంటి చుక్కల మందులు కూడా గుండెను నెమ్మదింపజేస్తాయి. థైరాయిడ్ తగ్గినా అంతే. రక్తంలో పొటాషియం పెరగడం అన్నిటికంటే మోసకారి. కిడ్నీలు పాడైనవాళ్లలో అది బయటికి పోదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఎంత పేరుపడిందో కొబ్బరి తోటలకూ అంతే పేరుపడ్డ ప్రాంతం. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి నీరసంగా ఉందని ఇంటివాళ్లు ప్రేమగా కొట్టి ఇచ్చే బోండాం అతని గుండెను ఆపేయగలదు. మరో ముప్పు పెరట్లో ఉంటుంది. గన్నేరు, పచ్చగన్నేరు చెట్లలోని విషం గుండె దారిని అడ్డగించే రకం. ఆ కాయలు పిల్లలకు అందకుండా చూడాలి, మందుగా ఎవరు చెప్పినా నమ్మకూడదు.

తిప్పి సరిచేయగల కారణం లేకపోతే పేస్‌మేకరే దారి. మొదటిసారి ఒంట్లో అమర్చింది 1958 అక్టోబరు 8న, స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే వ్యక్తికి. ఆ పరికరం కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ 86 ఏళ్లు బతికాడు. దాన్ని తయారుచేసిన ఎల్మ్‌క్విస్ట్, అమర్చిన సర్జన్ సెనింగ్, ఇద్దరూ ఆయన కంటే ముందే పోయారు. 2001లో ఆయన మరణం కూడా క్యాన్సర్ వల్లే. ఇప్పుడు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు సెల్‌ఫోనును చొక్కా జేబులో దాని మీద పెట్టకుండా, ఓ 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే చాలు. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం పాటించాలి. తిరుమలలోనైనా విమానాశ్రయంలోనైనా మెటల్ డిటెక్టర్ ద్వారం గుండా మామూలుగా నడిచి వెళ్లవచ్చు, దాని కింద నిలబడిపోకూడదు. చేతి డిటెక్టరును పేస్‌మేకర్ మీద ఆనించనివ్వకుండా కార్డు చూపించాలి.

కింది గదుల నుంచి

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాం. గుండెపోటు వచ్చి తగ్గిన కండరంలో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ అంచుల్లో బతికి ఉన్న పోగుల మధ్య సంకేతం చుట్టూ తిరగడం మొదలుపెడితే వెంట్రిక్యులర్ టాకికార్డియా, వీటీ. పోటు వచ్చిన పదేళ్లకు కూడా రావచ్చు. వీటీ వచ్చిన మనిషి వెంటనే పడిపోతాడని అనుకుంటారు. పడిపోకపోవచ్చు. కూర్చుని, మాట్లాడుతూ, “కొంచెం గాభరాగా ఉంది” అనవచ్చు, బీపీ కూడా ఉండవచ్చు. మనిషి కులాసాగా ఉన్నాడు కదా అని ఎస్‌వీటీ అనుకుని ఆ మందు ఇచ్చి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు వైద్యపుస్తకాల నిండా ఉన్నాయి. గతంలో గుండెపోటు ఉండి, ఈసీజీలో వెడల్పాటి అలలతో వేగం కనిపిస్తే, కాదని తేలేదాకా అది వీటీయే. ఆరోగ్యమైన గుండెలో వచ్చే కొన్ని వీటీలు మాత్రం అంత ప్రమాదకరం కావు, అబ్లేషన్‌తో పోతాయి.

వీటీ చెదిరిపోతే వీఎఫ్, జఠరికల వణుకు. రక్తప్రవాహం ఆగుతుంది, సెకన్లలో స్పృహ పోతుంది. పత్రికల్లో “జిమ్‌లో గుండెపోటుతో కుప్పకూలి” అని వచ్చే వార్తల్లో చాలావాటిలో చివరి క్షణంలో జరిగేది ఇదే. వెనక గుండెపోటు ఉండవచ్చు, కండరం మందమయ్యే వంశపారంపర్య జబ్బు ఉండవచ్చు, ఏమీ దొరకకపోవచ్చు. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లండ్‌తో ఆట మధ్యలో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ కూలిపోయినప్పుడు మైదానంలోనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. తరవాత ఆయనకు ఐసీడీ అమర్చారు. దానితోనే మళ్లీ పెద్ద క్లబ్బుల్లో ఆడాడు. ఐసీడీ అంటే లయను కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే లోపలి నుంచే షాక్ ఇచ్చే పరికరం. తన గురువు ఇలాంటి లయతోనే చనిపోవడం చూసి మిషెల్ మిరోవ్‌స్కీ దాన్ని తలపెట్టాడు. 1980లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు.

వీఎఫ్‌లో షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. పలకరిస్తే పలకక, ఊపిరి సరిగా ఆడని మనిషికి నీళ్లు తాగించకండి, చేతిలో తాళంచెవులు పెట్టకండి. 108కి ఎవరినైనా ఫోను చేయమని చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులు వేసి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతున నొక్కండి. ఎగఊపిరి పీల్చడం బతికున్నట్టు కాదు, గుండె ఆగిన మొదటి నిమిషాల్లో అది మామూలే.

పుట్టుకతో వచ్చేవి, మందుల షాపు నుంచి వచ్చేవి

ప్రతి స్పందన తరవాతా కణాలు తిరిగి సిద్ధం కావడానికి కొంత వ్యవధి పడుతుంది. ఈసీజీలో దాన్ని క్యూటీ అంటారు. అది సాగితే వీటీలో ఒక ప్రత్యేక రకం పుట్టి, స్పృహ తప్పి, వీఎఫ్‌గా మారవచ్చు. కొన్ని కుటుంబాల్లో ఇది జన్యువుల్లోనే ఉంటుంది. ఒక రకంలో ఈత కొడుతున్నప్పుడు, మరో రకంలో అలారం మోగి ఉలిక్కిపడినప్పుడు, ఇంకో రకంలో నిద్రలో పడుతుంది దెబ్బ. పుట్టు చెవుడుతో కలిసి వచ్చే అరుదైన రకం ఒకటి ఉంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం వస్తేనే అది బయటపడుతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఈ సంగతికి విలువ ఉంది. పుట్టుకతో వినపడని బిడ్డ పరిగెడుతూనో భయపడో స్పృహ తప్పితే, ఫిట్స్ అని తేల్చే ముందు ఒక ఈసీజీ తీయించాలి.

మందుల వల్ల వచ్చే క్యూటీ సాగుడు ఇంకా మామూలు. దురద మందు టెర్‌ఫెనడీన్, కడుపు మందు సిసాప్రైడ్ ఈ కారణంగానే అమెరికా మార్కెట్ నుంచి పోయాయి. మిగిలి ఉన్నవి మన ఇంట్లోనే ఉన్నాయి: అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్ససిన్, వాంతులకిచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, గ్యాస్ మాత్రలో కలిసి వచ్చే డోంపెరిడోన్. ఒక్కొక్కటిగా, ఆరోగ్యవంతుడికి వీటితో ముప్పు చాలా తక్కువ, భయపడి మానేయవలసిన పనిలేదు. చిక్కంతా కలయికలో ఉంది. విరేచనాలతో పొటాషియం పడిపోయిన డెబ్బై ఏళ్ల మనిషి, గుండె వైఫల్యానికి నీళ్లమాత్ర వాడుతున్న మనిషి, మందుల షాపుకు వెళ్లి చీటీ లేకుండా వాంతుల మాత్ర, యాంటీబయాటిక్, గ్యాస్ మాత్ర కలిపి తెచ్చుకుంటే అన్నీ ఒకే వైపు లాగుతాయి.

పట్టుకోవడం

లయ తప్పిన క్షణంలో తీసిన ఈసీజీ ఒక్కటి ఉంటే సగం వాదన అక్కడే తెగిపోతుంది. రోజూ వచ్చే దడకు 24 గంటల హోల్టర్ చాలు. నెలకోసారి వచ్చేదాన్ని అది పట్టలేదు, రెండు వారాల పట్టీలు కావాలి. ఆరునెలలకోసారి స్పృహ తప్పేవారికి చర్మం కింద అమర్చే చిన్న రికార్డర్ పెడతారు. చేతి గడియారాలు కూడా ఇప్పుడు పనికొస్తున్నాయి, కానీ అతిగా నమ్మకూడదు. ఆపిల్ గడియారంతో 2019లో వెలువడిన అధ్యయనంలో 4,19,297 మంది పాల్గొంటే, లయ తప్పిందన్న హెచ్చరిక అందుకున్నవాళ్లు 0.52 శాతమే. వాళ్లలో ఈసీజీ పట్టీ పెట్టుకుని తిరిగి పంపినవాళ్లను చూస్తే ఏఎఫ్ దొరికింది మూడింట ఒక వంతుకు. ఏఎఫ్ వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి మిగిలినవన్నీ ఉత్త హెచ్చరికలనీ అనలేం.

దడ వచ్చినప్పుడు నాడి ఎంత ఉంది, క్రమంగా ఉందా, ఎలా మొదలైంది, ఎలా ఆగింది, అన్నది రాసుకుని వెళితే డాక్టరుకు పనికొస్తుంది. పరిగెడుతుండగా స్పృహ తప్పడం, గుండెపోటు చరిత్ర ఉన్నవారికి దడ, దడతో పాటు ఛాతీ నొప్పి లేదా ఆయాసం, దగ్గరి రక్తసంబంధీకుల్లో నలభై లోపు హఠాన్మరణం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రాసుకుంటూ కూర్చోకూడదు, వెంటనే వెళ్లాలి.

దడ వస్తుండగా పక్క వీధి నర్సింగ్‌హోమ్‌లో తీసిన ఈసీజీ, తరవాత పెద్ద ఆసుపత్రిలో చేసే చాలా పరీక్షల కంటే విలువైనది. దాన్ని అక్కడ వదిలేసి రాకండి. అది చాలాచోట్ల వేడికి అచ్చయ్యే కాగితం మీద వస్తుంది, ఏడాదో రెండేళ్లో గడిచేసరికి గీతలు వెలిసిపోతాయి. ఇంటికి చేరకముందే ఫోనులో ఫొటో తీసి, తేదీ వేసి ఉంచుకోండి.